మైక్రోస్కోప్ ముందు నుంచి మా పాపని ఎందుకు లేపేశారు?

ప్రశ్న: మా పాప ఏడో తరగతి. చదువులో యావరేజ్ అండి, అబద్ధం ఎందుకు, కానీ సైన్స్ అంటే ఇష్టం. కొత్త అడ్మిషన్ల కోసం స్కూల్‌లో బ్రోషర్ షూటింగ్ పెట్టారు. మా పాపని ముందు మైక్రోస్కోప్ దగ్గర కూర్చోబెట్టారట, నాలుగైదు ఫోటోలు కూడా తీశారట. ఈలోపు ఫోటోగ్రాఫర్‌తో వచ్చినాయన ఆయన చెవిలో ఏదో చెప్పాడట, వెంటనే మా పాపని లేపి అక్కడ ఒక అబ్బాయిని కూర్చోబెట్టి వాడికి పవర్ లేని కళ్ళజోడు పెట్టారు. మా పాపకి నోట్‌బుక్ ఇచ్చి వెనక నిలబడి వాడి వైపు చూసి నవ్వమన్నారు. ఇప్పుడు అదే ఫోటో గేటు దగ్గర హోర్డింగ్ మీద ఉంది, స్కూల్ బస్సు మీద కూడా వేశారు, పాప రోజూ ఆ బస్సే ఎక్కాలి. మొన్న రాత్రి పడుకునే ముందు "అమ్మా, నేను చదివే పిల్లలా కనపడనా?" అంది. నాకు నోట మాట రాలేదు. యావరేజ్ పిల్లల్ని అన్ని స్కూళ్ళలో ఇలాగే పక్కన పెడతారా? గొడవ పెట్టుకోవాలా, స్కూల్ మార్చాలా? మావారేమో ఇంత చిన్నదానికి ఎందుకు, వదిలెయ్ అంటున్నారు. యావరేజ్ పిల్ల తల్లిగా నాకు అడిగే హక్కు ఉందో లేదో కూడా తెలీట్లేదు.
— ఒక అమ్మ

సమాధానం:

అమ్మా, ముందు ఒకటి ఒప్పేసుకుంటాను, లేకపోతే కింద రాసేదంతా ఒడ్డున కూర్చుని నీతులు చెప్పినట్టు ఉంటుంది. ఫోటోగ్రాఫర్ చెవిలో ఏదో చెప్పి మీ పాపని లేపించాడే ఒకాయన, ఆ ఉద్యోగం నేను ఆరేళ్ళు చేశాను. యాడ్ ఏజెన్సీలో కాపీ, అంటే యాడ్స్‌లో ఉండే మాటలు, రాసేదాన్ని, అడ్మిషన్ల సీజన్ వచ్చిందంటే మాకు ఇక అదే పని, బ్రోషర్లు, హోర్డింగులు, బస్సు స్టిక్కర్లు. షూటింగ్ రోజు నేనూ వెళ్ళేదాన్ని, ఎవర్ని ముందు కూర్చోబెట్టాలో ఎవర్ని వెనక్కి జరపాలో చెప్పేదాన్ని. కాబట్టి ఆయన ఏం చెప్పి ఉంటాడో నాకు దాదాపుగా తెలుసు.

స్కూల్ వాళ్ళ దగ్గర్నుంచి మాకు వచ్చే మాట ఒకటే, "బ్రైట్‌గా ఉన్న పిల్లల్ని పెట్టండి". బ్రైట్ అంటే ఏంటని ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు, కానీ ఆ గదిలో అందరికీ తెలుసు. ఒళ్ళు తెల్లగా ఉండాలి (చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ ముందు చూసేది అదే), ముందు పళ్ళు ఊడి ఉండకూడదు, జుట్టు మాట వినాలి, యూనిఫాం కొత్తదై ఉండాలి. ఎదిగే పిల్లాడు కదా అని రెండు సైజులు పెద్ద చొక్కా కుట్టించిన ఇళ్ళ పిల్లల్ని మర్యాదగా క్లాసుకి పంపించేసేవాళ్ళం, మొహం మరీ బావుంటే మాత్రం వీపు వెనక క్లిప్పులు పెట్టి చొక్కా బిగించేవాళ్ళం, ముందు నుంచి చూస్తే కొలత తీసి కుట్టినట్టే ఉండేది. పవర్ లేని కళ్ళజోళ్ళు మా బ్యాగులో ఎప్పుడూ నాలుగు ఉండేవి. లైటు పడి అద్దాలు మెరుస్తున్నాయని రెండిటికి అద్దాలే పీకేశాం, ఉత్త ఫ్రేములు.

ఒక షూటింగ్ మాత్రం ఇప్పటికీ గుర్తొస్తుంటుంది. పిల్లలు చెస్ ఆడుతున్న ఫోటో, బోర్డు మేమే సర్దాం. తొమ్మిదేళ్ళవాడు ఒకడు వచ్చి కూర్చుని, కూర్చున్న మరు నిమిషం "మేడమ్, బోర్డు తప్పు పెట్టారు, కుడి చేతి వైపు మూల తెల్ల గడి రావాలి" అన్నాడు. వాడు చెప్పింది కరెక్టే అని నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం ఎండ తగ్గిపోతోంది, ఇంకా మూడు ఫోటోలు ఉన్నాయి, "కదలకు నాన్నా, బాగా ఆలోచిస్తున్నట్టు మొహం పెట్టు" అన్నాం. వాడికి ఆలోచిస్తున్నట్టు పెట్టడం రాలేదు. ఆలోచించడం వచ్చు, పెట్టడం రాదు, మాటిమాటికీ బోర్డు తిప్పడానికి చెయ్యి పోతోంది. ఆఖరికి వాణ్ణి లేపేసి గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చోవడం బాగా వచ్చిన ఇంకో అబ్బాయిని పెట్టాం. ఆ గదిలో మాతో సహా చెస్ వచ్చినవాడు వాడొక్కడే. బోర్డు తప్పుగానే ప్రింటైంది, ఒక్క పేరెంట్ కూడా ఫోన్ చేసి ఇదేంటని అడగలేదు.

అడగరండి, ఎందుకంటే ఆ ఫోటోలో మనం చూసేది బోర్డుని కాదు కదా. సబ్బు అమ్మేవాడు నురగ చూపిస్తాడు, కారు అమ్మేవాడు ఖాళీ రోడ్డు మీద పరిగెత్తించి చూపిస్తాడు, స్కూల్ వాడు ఏం చూపించాలి చెప్పండి? చదువు అనేది పదేళ్ళ పాటు రోజుకి ఇంతా అంతా జరిగేది, సగం రోజులు ఏం జరిగిందో టీచర్‌కే తెలీదు, అది కెమెరాకి ఎక్కడ అందుతుంది. అందుకని బిల్డింగ్ చూపిస్తాడు, కంప్యూటర్ ల్యాబ్ చూపిస్తాడు, అవి ఎదురు స్కూల్లోనూ ఉన్నాయి, ఇక మిగిలింది ఒక పిల్లాణ్ణి చూపించడమే. ఆ పిల్లాడు వాళ్ళు తయారు చేసినవాడేం కాదు, మన మనసులో ఉన్నవాడు. మన పిల్లలు ఎలా తయారైతే బావుండు అని మనం లోపల్లోపల అనుకుంటామో వాడు, చెప్పినట్టు వింటాడు, నలగడు, మరకపడడు. చాలాసార్లు వాడు ఆ స్కూల్ వాడు కూడా కాదు, స్టాక్ ఫోటోల సైట్లో కొన్న మొహం. ఆ సైట్లలో మామూలు లైసెన్సు తీసుకుంటే ఫోటో మన ఒక్కళ్ళకే అమ్మినట్టు కాదు, అదే ఫోటో ఎంతమందైనా కొనుక్కోవచ్చు, కాబట్టి ఒకే పాప నవ్వు రెండు పోటీ స్కూళ్ళ హోర్డింగుల మీదా, ఒక పళ్ళ డాక్టర్ బోర్డు మీదా కనపడినా ఆశ్చర్యపోకండి.

ఈసారి ఏ బ్రోషర్ చేతికొచ్చినా ఒక్క రెండు నిమిషాలు కూర్చుని చూడండి. చేతులెత్తిన పిల్లలు ఉంటారు, అందరూ జవాబు తెలిసి ఎత్తినవాళ్ళే, "టీచర్, అర్థం కాలేదు" అని ఎత్తిన చెయ్యి ఒక్కటీ ఉండదు. రబ్బరు పెట్టి చెరుపుతున్న పిల్ల ఉండదు. పక్కవాడి నోట్స్‌లోకి తొంగి చూస్తున్నవాడు ఉండడు. మరీ దూరంగా చూస్తుంటే పైన కుడి మూలకి చూస్తుంటారు, భవిష్యత్తు అక్కడ ఉంటుందని మా ఫీల్డులో ఒక నమ్మకం. అబ్బాయి చేతిలో రాకెట్టో టెలిస్కోపో ఉంటుంది, అమ్మాయి చేతిలో పుస్తకమో కుంచో ఉంటుంది, ఇద్దరూ ఒకే ఫోటోలో ఉంటే చేసేవాడు వాడు, చూసేది ఈ అమ్మాయి. మీ పాప ఫోటో అచ్చు గుద్దినట్టు అదే. దాని వెనక ఎవరో కుట్ర పన్నారని నేను చెప్పను, మా అందరి చేతులకీ ఆ వరస అలవాటైపోయింది, సైన్స్ అనగానే అబ్బాయి, సైన్స్ వచ్చినవాడు అనగానే కళ్ళజోడు, ఆలోచించకుండానే చెయ్యి అటు పోతుంది. అదింకా దరిద్రం, కుట్ర అయితే కనీసం ఒకరిని పట్టుకుని అడగొచ్చు.

ఇది చిన్న స్కూళ్ళ కక్కుర్తి అని కూడా అనుకోకండి. అమెరికాలో విస్కాన్సిన్ యూనివర్సిటీ, మాడిసన్‌లో ఉన్న పెద్దది, 2000లో అడ్మిషన్ అప్లికేషన్ పుస్తకం కవర్ మీద ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తూ కేకలేస్తున్న స్టూడెంట్ల ఫోటో వేసింది. గుంపంతా తెల్లవాళ్ళు, మధ్యలో ఒక నల్లజాతి కుర్రాడు నవ్వుతూ ఉంటాడు. ఆ కుర్రాడు నిజంగా అక్కడి స్టూడెంటే, కానీ ఆ మ్యాచ్‌కి పోలేదు, వేరే ఫోటోలోంచి అతని మొహం కత్తిరించి ఆ గుంపులో అతికించారు. మా దగ్గర అన్ని రకాల వాళ్ళూ ఉన్నారని చూపించుకోవాలి, అలాంటి ఫోటో దొరకలేదు, తయారు చేసేశారు. విషయం బయటపడ్డాక క్షమాపణ చెప్పి కవర్ మార్చి మళ్ళీ ప్రింట్ చేసుకున్నారు. అక్కడ ఒక మొహం కావాల్సొచ్చి తెచ్చి అతికించారు, మీ దగ్గర ఒక మొహం అక్కర్లేదనుకుని వెనక్కి జరిపారు, రెండు చోట్లా ఆ మొహం ఎవరిదో వాళ్ళని మాత్రం ఎవరూ అడగలేదు.

కళ్ళజోడు సంగతి చెప్తే మీకు నవ్వొస్తుంది. మన దేశంలో అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అని ఉంది, ఆస్కీ అంటారు, 1985లో యాడ్స్ రంగం వాళ్ళే తమ మీద తాము పెట్టుకున్న సంస్థ, ప్రభుత్వానిది కాదు. వాళ్ళు 2023లో విద్యాసంస్థల యాడ్స్‌కి రూల్స్ మార్చి రాశారు. అందులో ఏముందంటే, మంచి మార్కులొచ్చే పిల్లలంటే లావు అద్దాల కళ్ళజోడు పెట్టుకునేవాళ్ళే అన్నట్టు చూపించొద్దు, ఫలానా సబ్జెక్టు అబ్బాయిలదే ఫలానాది అమ్మాయిలదే అన్నట్టు చూపించొద్దు, మార్కులు తక్కువొచ్చిన పిల్లల్ని ఓడిపోయినవాళ్ళలా, దిగులుగా, అమ్మానాన్నలకి వాళ్ళంటే ప్రేమ తగ్గినట్టు చూపించొద్దు, తిండి నిద్ర మానుకుని చదవడం మామూలే అన్నట్టు చూపించొద్దు. చదువుతుంటే ఎవరో మా పాత బ్యాగు తెరిచి చూసి రాసినట్టు అనిపించింది నాకు. కళ్ళజోడు మీద కూడా రూల్ రాయాల్సొచ్చిందంటే ఎంతమంది ఎన్నేళ్ళుగా పెడుతుంటే రాశారో చూడండి.

(మార్కుల ఫోటోలది ఇంకో పెద్ద కథ, మీరు అడగలేదు కాబట్టి రెండు ముక్కల్లో పోతాను. చిన్న చిన్న ఫోటోలు వరసగా పేర్చి కింద నంబర్లు వేస్తారు కదా, అక్కడ అడగాల్సింది ఒకటే, ఎంతమంది రాస్తే ఇంతమంది? ఆ అంకె ఏ యాడ్‌లోనూ ఉండదు. కోచింగ్ సెంటర్లకైతే 2024 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ గైడ్‌లైన్స్ తెచ్చింది, స్టూడెంట్ ఫోటో వేసుకోవాలంటే రిజల్ట్ వచ్చాక రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, చేరేటప్పుడు పెట్టించుకున్న సంతకం చెల్లదు, ఆ పిల్లాడు వాళ్ళ దగ్గర ఏ కోర్సు చేశాడో కూడా రాయాలి. అంతకుముందు ఏం జరిగేదో ఆ రూల్ చూస్తేనే తెలుస్తుంది. బ్రిటన్‌లో 2017లో ఆరు యూనివర్సిటీల మీద వచ్చిన కంప్లయింట్లని అక్కడి యాడ్స్ సంస్థ ఒప్పుకుంది, మేము ప్రపంచంలో టాప్ ఒక శాతంలో ఉన్నాం లాంటి మాటలకి ఆధారం చాలదని తీసేయమంది. యూనివర్సిటీలకే తప్పలేదు.)

సరే, మీ విషయానికి వస్తాను. మీ ఉత్తరం నేను రెండోసారి చదివినప్పుడు పెన్ను పెట్టి ఒక మాట కింద గీత గీస్తూ పోయాను. యావరేజ్. మూడు సార్లు రాశారు. చదువులో యావరేజ్, యావరేజ్ పిల్లలు, యావరేజ్ పిల్ల తల్లి. ఆఖరిది చదివినప్పుడు మాత్రం నాకు కష్టంగా అనిపించింది, అడిగే హక్కు ఉందో లేదో అన్నారు చూడండి, అక్కడ. పాప అడిగింది ఏంటి? "చదివే పిల్లలా కనపడనా?" అంది. కనపడనా అంది అమ్మా. "నేను బాగా చదవనా" అనలేదు. పాప తన మొహం గురించి అడిగింది, మీకేమో మార్కుల గురించి అడిగినట్టు వినపడింది. ఆ మైక్రోస్కోప్ దగ్గర ఎవరూ మీ పాప ప్రోగ్రెస్ కార్డు చూడలేదండి, నేను ఆరేళ్ళలో ఒక్కసారి కూడా చూడలేదు, ఎవరూ మాకు ఇవ్వనూ లేదు. కళ్ళజోడు పెట్టించుకున్న ఆ అబ్బాయికి సైన్స్‌లో ఎన్నొస్తాయో ఆ ఏజెన్సీ ఆయనకి తెలిసే ఛాన్సే లేదు. మీ పాపని లేపడానికీ మార్కులకీ సంబంధం లేదు, ఆ సంబంధం కలిపింది మీరు. కోపగించుకోకండి, మీ తప్పని అనట్లేదు, ఇన్నేళ్ళు గోడల మీదా బస్సుల మీదా ఇవే చూశాక మనందరం కలిపేస్తాం, నేను వాటిని రాసి కూడా మా అబ్బాయి విషయంలో కలిపేశాను.

అందుకని పాపకి "నువ్వు చాలా బ్రైట్ బంగారం, వాళ్ళకేం తెలుసు" అని మాత్రం చెప్పకండి. పన్నెండేళ్ళ పిల్లకి అది ఓదార్పు అని తెలిసిపోతుంది, పైగా మళ్ళీ అదే కొలబద్ద చేతికిచ్చినట్టు అవుతుంది. తిరిగి అడగండి, చదివే పిల్ల ఎలా కనపడుతుంది, నువ్వు చెప్పు అని. కాసేపు ఏం చెప్పదు, చెప్పకపోయినా పర్లేదు. తర్వాత ఆ బ్రోషర్ తెచ్చి ఇద్దరూ పక్కపక్కన కూర్చోండి. అది ఎలా తయారైందో మీకంటే పాపకే ఎక్కువ తెలుసు, అక్కడ ఉన్నది తనే కదా. మైక్రోస్కోప్ కింద స్లైడ్ ఉందా? (ఉండదు, నేను పందెం కాస్తాను.) దాని లైటు వెలిగిందా, అద్దం వెలుతురు వైపు తిప్పారా? వాడు కన్ను పెట్టినప్పుడు ఏం కనపడిందన్నాడు? నీ చేతికిచ్చిన నోట్‌బుక్ ఎవరిది, అందులో ఏం రాసుంది? నవ్వమని ఎన్నిసార్లు అన్నారు? పిల్లలు ఇలాంటివి పట్టుకున్నంత బాగా పెద్దవాళ్ళు పట్టుకోలేరు, పది నిమిషాల్లో మీకు తెలియనివి నాలుగు చెప్తుంది. రోజూ ఎక్కే బస్సు మీద బొమ్మ ఎలాగూ పోదు, కానీ అది చూసినప్పుడల్లా "నన్ను లేపేశారు" బదులు "దాని కింద స్లైడే లేదు" అని గుర్తొస్తే అదే చాలు.

ఆ అబ్బాయిని మాత్రం ఇంట్లో విలన్ చెయ్యకండి. వాడి పరిస్థితీ ఏమంత బాలేదు. రేపు సైన్స్‌లో ఇరవైకి ఎనిమిది వస్తే క్లాసంతా బస్సు చూపించి నవ్వుతారు, వాడు అడిగి పెట్టించుకున్న కళ్ళజోడు కాదు అది.

స్కూల్ వాళ్ళతో గొడవ అంటారా, మీవారు వదిలెయ్ అన్నది గొడవ వరకు కరెక్టే, హోర్డింగ్ మార్చమని అడిగితే సీజన్ అయ్యేదాకా ఎవరూ మార్చరు, ప్రింటింగ్ డబ్బులు పోయాయి కదా. పాప ప్రశ్నని మాత్రం చిన్నది అని వదలకండి. మీరు వెళ్ళి క్లాస్ టీచర్‌ని కలవండి, ప్రిన్సిపాల్ దగ్గరికి తర్వాత వెళ్ళొచ్చు. ఫోటో గురించి ఫిర్యాదులా మొదలుపెట్టకుండా ల్యాబ్ గురించి అడగండి. ఏడో తరగతి పిల్లలు ఆ మైక్రోస్కోప్ నిజంగా వాడతారా, ఎప్పుడు వాడతారు, ఎన్ని ఉన్నాయి, నలభై మందిలో ఎంతమందికి కన్ను పెట్టే వంతు వస్తుంది, ఆ వంతులు ఎవరు వేస్తారు. టీచర్ ముఖం చూస్తేనే మీకు సగం అర్థమవుతుంది. బీరువాలోంచి షూటింగ్ రోజే బయటికి తీశారంటే అది బ్రోషర్ కంటే పెద్ద విషయం, అప్పుడు ప్రిన్సిపాల్‌ని అడగడానికి మీకు గట్టి ప్రశ్న ఉన్నట్టే, ఇందాక ఫోటో వేసి అమ్ముకున్న వస్తువే కదా, మా పిల్లలకి చూపించండి అంటే కాదనడం కష్టం.

అలాగే అడ్మిషన్ ఫారం కాపీ ఉంటే తీసి చూడండి, పిల్లల ఫోటోలు ప్రచారానికి వాడుకోవడానికి మాకు అభ్యంతరం లేదు అని ఒక లైను చాలా ఫారాల్లో కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, మనం పది సంతకాల్లో అదీ ఒకటి పెట్టేసి ఉంటాం. ఇక ముందు అడగకుండా పాప ఫోటో వాడొద్దని ఒక లెటర్ రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. ముందు పాపని అడగండి, తనకి ఫోటోలో ఉండటం ఇష్టమేమో, వెనక నిలబడటమే బాధేమో. అమ్మాయిలు నోట్‌బుక్ పట్టుకుని చూస్తూ ఉంటారు అన్నట్టు వేసిన ఆ బొమ్మ మీద ఆస్కీకి కంప్లయింట్ పెట్టాలనిపిస్తే పెట్టండి, ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు, మామూలు జనం ఎవరైనా పెట్టొచ్చు. ఏమవుతుందో నేను మాటివ్వలేను, ఒక్క ఫోటోలో ఒక అబ్బాయి కూర్చున్నాడు అంటే సరిపోదు అనొచ్చు. కానీ ఆ కంప్లయింట్ కాగితం స్కూల్ నుంచి ఏజెన్సీకి చేరితే ఇంకోసారి ఆ బ్యాగు తెరిచే ముందు ఎవరో ఒకరు ఒక క్షణం ఆగుతారు, మాకు ఒక్కటి వచ్చి ఉంటే నేను ఆగేదాన్ని అనుకుంటాను.

స్కూల్ మార్చడం ఈ ఒక్క కారణానికి వద్దు. పక్క స్కూల్ బ్రోషర్ చేసింది కూడా మాలాంటి వాళ్ళే. ఒకవేళ నిజంగా మార్చాలా అని ఆలోచిస్తుంటే ఏ పండగా ఫంక్షనూ లేని మామూలు రోజు మధ్యాహ్నం వెళ్ళి క్లాసు గోడలు చూడండి, అంటించిన బొమ్మలూ ప్రాజెక్టులూ అవే ఐదుగురు పిల్లల పేర్ల మీద ఉన్నాయా, లేక అక్షరాలు వంకరపోయినవి కూడా ఉన్నాయా అని. పై తరగతికి వెళ్ళేకొద్దీ పిల్లల సంఖ్య ఎందుకు తగ్గుతోందని అడగండి, పబ్లిక్ పరీక్షకి ముందు ఎంతమంది టీసీ తీసుకుని వెళ్ళిపోయారని. దానికి జవాబు తడుముకుంటే ఇంక బ్రోషర్ చూడక్కర్లేదు.

ఈలోపు ఆదివారం ఒక పని చెయ్యండి, ఉల్లిపాయ లోపలి రెండు పొరల మధ్య పల్చటి కాగితంలాంటి తెర వస్తుంది కదా, పాపని అది చింపకుండా తీయడం ప్రాక్టీస్ చెయ్యమనండి. మైక్రోస్కోప్ కింద కణాలు చూడటానికి బడుల్లో ముందు పెట్టేది అదే. తీయడం అనుకున్నంత తేలిక కాదు, మూడు నాలుగు చిరుగుతాయి, కళ్ళల్లో నీళ్ళు కారతాయి, ఫోటోకి అస్సలు పనికిరాని మొహం అవుతుంది. టీచర్ ల్యాబ్‌లో వంతు ఇచ్చాక పాపకి లోపల ఏం కనపడిందో, గడులు ఎన్ని లెక్కపెట్టిందో నాకు తన చేత్తోనే రాయమనండి.